సవరణ: పిండ మూలకణ పరిశోధనపై నిషేధం కాదు, నిధులపై పరిమితి

కడపలో మా పఠన బృందం చర్చ కోసం గత వారం రాసిన వ్యాసంలో, అమెరికా 2001లో పిండ మూలకణ పరిశోధనను (తొలిదశ పిండాల నుంచి తీసిన, శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల కణాలపై పరిశోధనను) నిషేధించిందని, 2009లో ఒబామా ఆ నిషేధాన్ని ఎత్తివేశారని పేర్కొన్నాను. అది తప్పు, మూలపత్రాలు చూడకుండా పాత పత్రికా కథనాలను నమ్మడం నా పొరపాటు.

2001 ఆగస్టు 9న అప్పటి అధ్యక్షుడు బుష్ ప్రకటించినది, ఆ నాటికే సిద్ధమై ఉన్న కణశ్రేణుల (పిండం నుంచి తీసి ప్రయోగశాలలో పెంచుతూ పోయే కణాల) మీద జరిగే పనికి మాత్రమే ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ, నిధులు ఇస్తామన్న షరతు. ప్రైవేటు సొమ్ముతోనో రాష్ట్రాల సొమ్ముతోనో కొత్త శ్రేణులపై పనిచేయడానికి అది అడ్డు చెప్పలేదు. 2004లో కాలిఫోర్నియా ఓటర్లు ఈ రంగానికి 300 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించగలిగింది అందుకే. 2009 మార్చిలో ఒబామా ఉత్తర్వు తొలగించినది ఈ పరిమితినే. పరిశోధన కోసం పిండాన్ని సృష్టించడానికి గాని, నాశనం చేయడానికి గాని ఫెడరల్ సొమ్ము వాడరాదన్న డికీ-వికర్ నిబంధన మాత్రం 1996 నుంచి వస్తున్నదే, ఆ ఉత్తర్వు దాన్ని ముట్టుకోలేదు. అంటే కణశ్రేణిని తయారుచేయడం ఒక పద్దు, తయారైన దాన్ని పరిశోధించడం మరో పద్దు. నైతికంగా ఈ గీత ఎంతవరకు నిలుస్తుందన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది, కానీ చట్టం గీసిన గీత అదే. ఈ వివరాలను ఆ ఉత్తర్వు పాఠంతోనూ, దానిననుసరించి వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకాలతోనూ సరిచూసుకున్నాను.

మన దేశంలోనూ నిషేధమే ఉందని నా వ్యాసం చదివి అనంతపురం మిత్రులొకరు అనుకున్నారు. అలా లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, సంతాన చికిత్సలో మిగిలిపోయిన పిండాలను దాతల సమ్మతితో, నైతిక సంఘాల అనుమతితో పరిశోధనకు వాడవచ్చు. 14 రోజులకు మించి పెంచకూడదు.