చుట్టిల్లు అంటే గుండ్రటి కప్పొక్కటే కాదు

శ్రీకాకుళం తీరంలో చుట్టిళ్ల (గుండ్రటి మట్టిగోడల తాటాకు ఇళ్ల) తరహాలో ఖరీదైన రిసార్టులు కట్టొచ్చని ఒక వ్యాసంలో చదివాను, ఆ ఆలోచన నాకు నచ్చింది. అమ్మమ్మ వాళ్ల చుట్టింట్లో పెరిగినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. తాటాకు కప్పు చూరు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది, వంగితే గానీ లోపలికి వెళ్లలేం. అందుకే తుఫాను గాలికి పట్టు దొరకదు, ఇంటి చుట్టూ జారిపోతుంది. వాన మట్టిగోడను తాకదు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. కాంక్రీటు గది కట్టి, పైన తాటాకు పరిచి, ఏసీ బిగిస్తే అందులో మా వాళ్ల విద్య ఏముంది?

తాటాకుకు నిప్పు భయం నిజమే. కొన్నేళ్లకోసారి మళ్లీ కప్పాలి కూడా. కానీ ఇల్లు కప్పడం తెలిసినవాళ్లకు అదే కదా పని! మా ఊళ్లో అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు.

వ్యాసంలో నీళ్ల ఊసే లేదు. తీరంలో ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంటుంది. బోర్లతో అతిగా తోడితే పక్క ఊరి బావులు ఉప్పబారతాయి. రిసార్టు ప్లానులో ఈతకొలను కంటే ముందు వాననీటి తొట్టి గీయండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది. రిసార్టు దీపాల వెలుగు తీరం మీద పడితే తాబేలు పిల్లలు దారి తప్పి, సముద్రంలోకి వెళ్లకుండా ఒడ్డు మీదికే పాకుతాయి. ఇక వలలు ఆరేసుకునే ఇసుక, పడవలు లాగే దారి రిసార్టు కంచె లోపలికి పోకూడదు.