ఉద్యోగం పోతే చెప్పుకుందాం

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళలో ఎవరికైనా ఉద్యోగం పోతే ఆ సంగతి మనకు ఎప్పుడో నెలల తర్వాత తెలుస్తుంది, అదీ కొత్త ఉద్యోగం వచ్చాక. "అప్పుడు చాలా టెన్షన్ పడ్డాంలెండి" అని నవ్వుతూ చెప్తారు. ఆ టెన్షన్ పడుతున్న రోజుల్లో కూడా పిల్లల్ని తెలుగు క్లాసులో దింపారు, పుట్టినరోజు పార్టీలకు వచ్చారు. ఆఫీసు ఎలా ఉందని మనం అడిగితే "బిజీ" అన్నారు.

నాకు తెలిసిన ఒకాయన రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని ఇంట్లోంచి బయల్దేరేవాడు. కంపెనీ లాప్‌టాప్‌ని వాళ్ళు పంపిన అట్టపెట్టెలో సర్ది అప్పటికే వెనక్కి పంపేశాడు. బ్యాగులో ఉన్నది ఇంట్లో మూలపడి ఉన్న పాతది. సాయంత్రం దాకా పబ్లిక్ లైబ్రరీలో కూర్చునేవాడు. భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారం వీడియో కాల్‌లో వాళ్ళమ్మ "ఏరా, అలా చిక్కిపోయావేంటి? నిద్ర పోవట్లేదా?" అని అడిగితే "రిలీజ్ ఉందమ్మా" అనేవాడు.

ఆ అబద్ధం చెప్పినందుకు ఆయన్ని నేను తప్పు పట్టను. కానీ కష్టంలో ఉన్నప్పుడు మనిషిలో ఆశని మొదట తినేసేది ఈ దాపరికమే అని నా గట్టి నమ్మకం. ఉద్యోగం పోవడం ఒక దెబ్బ. పోలేదన్నట్టు రోజంతా నటించడం రెండో దెబ్బ, దానికి మన ఓపికంతా ఖర్చయిపోతుంది.

సరే, ధైర్యం చేసి చెప్పాడే అనుకుందాం. మనం ఏమంటాం? "ఏం కాదులే, అంతా మన మంచికే. పాజిటివ్‌గా ఉండు." మంచి మనసుతోనే అంటాం. అయితే హెచ్‌1బి, అంటే ఉద్యోగంతో ముడిపడ్డ వీసా, మీద ఉన్న మనిషి ఈ దేశంలో ఇంకా ఎన్నాళ్ళు ఉండొచ్చో అని ఆ సమయంలో క్యాలెండర్ చూసుకుంటూ ఉంటాడు. ఇంటి లోను, పిల్లల బడి, ఊళ్ళో నాన్నగారి మందులు అన్నీ ఆ క్యాలెండర్‌కే వేలాడుతుంటాయి. అతనికి మన మాట పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఆశ గురించి నాకు బాగా నచ్చిన విషయం ఒకటి మనస్తత్వ శాస్త్రంలో ఉంది. 1960ల్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. తప్పించుకోలేని విద్యుత్ షాకులు తిన్న కుక్కలు చాలావరకు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా ప్రయత్నించకుండా పడి ఉండేవి. నిస్సహాయతను జీవులు అలా నేర్చుకుంటాయని వాళ్ళు చెప్పారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, మెదడు మీద జరిగిన పరిశోధనలు చూసి, 2016లో ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగేశారు. కష్టం ఎడతెగకుండా ఉంటే చేతులు ముడుచుకోవడం మెదడుకు సహజంగా వచ్చేదే, ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. "నా చేతిలో కొంత ఉంది" అన్నదే నేర్చుకోవాల్సింది అన్నారు. కుంగిపోయిన మనిషిని "నీకు విల్‌పవర్ లేదు" అని నిందించేవాళ్ళకి ఈ జవాబు చాలు. చేతిలో ఉన్నదాన్ని చూపించడమే అతనికి మనం చేయగల సాయం.

మరి చేతిలో ఏముంది? కొంచెం వివరంగానే చెప్తాను, ఎందుకంటే చాలామంది భయం సగం తెలిసిన సమాచారం వల్లే పెరుగుతోంది. 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయిన హెచ్‌1బి వాళ్ళకు 60 రోజుల దాకా గ్రేస్ పీరియడ్, అంటే దేశంలో ఉండి దారి చూసుకునే గడువు, ఉంటుంది. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీయే లెక్క. ఈ 60 రోజుల్ని చాలామంది హెచ్ఆర్ ఫోన్ వచ్చిన రోజు నుంచి లెక్కేసుకుని వణికిపోతారు. అసలు లెక్క ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి, అంటే సాధారణంగా జీతం వర్తించే ఆఖరి రోజు తర్వాత నుంచి. ఈలోగా కొత్త కంపెనీ మన పేరు మీద హెచ్‌1బి పిటిషన్ దాఖలు చేస్తే చాలు, అప్రూవల్ కూడా ఆ 60 రోజుల్లోనే రానక్కర్లేదు. సాధారణంగా మళ్ళీ హెచ్‌1బి లాటరీలోకి వెళ్ళనక్కర్లేదు. జీవిత భాగస్వామికి హెచ్‌1బి ఉంటే వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళకిచ్చే హెచ్‌4కి, లేదంటే సందర్శకులకిచ్చే బి2కి మార్చమని గడువులోపే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది తేలేదాకా పని చేయకూడదు గాని మూటాముల్లె సర్దుకుని పరిగెత్తే అవసరం ఉండదు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి 180 రోజులు దాటితే పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా గ్రీన్‌కార్డు లైన్‌లో మీ ప్రయారిటీ డేట్, అంటే లైన్‌లో మీ చోటుని తేల్చే తేదీ, పోదు. ఏళ్ళ తరబడి లైన్‌లో నిలబడ్డ మనవాళ్ళకి ఈ ఒక్క మాట ఎంత ఊరటో వేరే చెప్పాలా? ఎవరి కాగితాలు వాళ్ళు లాయరుకి చూపించుకోవాలి, అది తప్పదు. కానీ లాయరు దగ్గరికి ఏ ప్రశ్నలతో వెళ్ళాలో తెలిసిన మనిషికి ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది.

చెప్పుకోవాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఉద్యోగాలు ఎవరి ద్వారా దొరుకుతాయో మార్క్ గ్రానొవెట్టర్ అనే సమాజ శాస్త్రవేత్త పరిశీలించి 1973లో రాశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్ళలో దగ్గరి స్నేహితుల పాత్ర తక్కువగా, ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయాల పాత్ర ఎక్కువగా కనిపించింది. దగ్గరివాళ్ళకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచే రావాలి. మన తెలుగు సంఘంలో ఉన్నదంతా అదే. దసరాకి, సంక్రాంతికి కలిసి, భోజనాల లైన్‌లో రెండు మాటలు మాట్లాడుకునే వందల మంది. వాళ్ళ దగ్గర దాచిపెడితే, ఉపయోగపడే తలుపుల్ని మన చేత్తోనే మూసుకున్నట్టు.

దాచేది సిగ్గు వల్ల. ఆ సిగ్గు అక్కర్లేనిది. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అన్ని వేల మందిలో ఒకరైన మనిషి "నా తెలివి చాలలేదు, ఇక నా బతుకింతే" అనుకుంటే ఆ లెక్క తప్పు. అది లెక్క తప్పని గట్టిగా చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి.

అమ్మానాన్నలకు చెప్పాలా అంటే, చెప్పాలనే నేనంటాను. వాళ్ళు మనం అనుకున్నంత సుకుమారులేం కాదు. వాన మొహం చాటేసిన ఏళ్ళు, అప్పుచేసి విత్తనాలు కొన్న ఏళ్ళు చూసినవాళ్ళు. "నారు పోసినవాడు నీరు పోయడా" అంటూనే పార భుజాన వేసుకుని కాలవకి వెళ్ళి నీళ్ళు మళ్ళించుకొచ్చిన మనుషులు. నమ్మకమూ పనీ ఒకే ఒంట్లో ఉండటం నేను అక్కడే చూశాను. ఒకవేళ హైదరాబాద్ తిరిగి వెళ్ళాల్సి వచ్చినా అది పరువు తక్కువ పని కాదు. వెళ్ళిన కుటుంబాల గురించి జాలి గొంతుతో మాట్లాడటం ముందు మనం మానేయాలి.

ఎవరైనా ఫోన్ చేసి "జాబ్ పోయింది" అని చెప్తే ఓదార్పు తర్వాతి సంగతి, ముందు ఇవి అడగండి. పేరోల్‌లో ఏ తేదీ దాకా ఉన్నావు? ఐ-94 చూసుకున్నావా? ఇన్సూరెన్స్ సంగతేంటి? (కోబ్రా, అంటే పాత కంపెనీ ఆరోగ్య బీమానే సొంత డబ్బుతో కొనసాగించుకునే పద్ధతి, తీసుకోవాలో లేదో తేల్చుకోవడానికి కనీసం 60 రోజులుంటుంది, ఆలస్యంగా తీసుకున్నా ప్రీమియం కడితే కవరేజీ పాతది ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. చాలామందికి ఇది తెలియదు.) రెజ్యూమె ఈ రాత్రికే పంపు. రేపు పిల్లల్ని మా ఇంట్లో దింపు.

మన సంఘం కార్యవర్గాన్ని ఒకటి కోరుతున్నాను. వచ్చే సమావేశంలో సాంస్కృతిక కార్యక్రమాలు మొదలయ్యే ముందు ఒక అరగంట దీనికి ఇవ్వండి. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు తాము ఏం పని చేస్తారో, ఎప్పటిలోగా కావాలో మైకులో చెప్పాలి. తమ కంపెనీలో ఖాళీలున్నవాళ్ళు అక్కడే చేతులెత్తాలి. నలుగురిలో చెప్పడం ఇష్టంలేని వాళ్ళ కోసం పక్కగదిలో ఇద్దరు ముగ్గురం కూర్చుంటాం, రెజ్యూమెలు చూడటానికి, రెఫరల్స్ ఇప్పించడానికి. నా పేరు ఆ జాబితాలో ఇప్పుడే రాసుకోండి.