కారు దిష్టికి సూర్యుడు

పాఠ్యపుస్తకంలో సౌర కుటుంబం బొమ్మ చూశారుగా? అరపేజీలో ఎనిమిది గ్రహాలూ సర్దుకుని కూర్చుంటాయి. అది అబద్ధమని పిల్లలకి నోటితో చెప్పేస్తే సరిపోయేది. కానీ మా రెండో అంతస్తులో ఉండే సైన్స్ మిస్ చూపించాల్సిందే అంది. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు, ఒక శనివారం పొద్దున, ఏడో క్లాసు పిల్లలతో.

లెక్క ఇదీ. సూర్యుడు 30 సెంటీమీటర్ల గుమ్మడికాయ అనుకుంటే, బుధుడు గసగసాల గింజ. శుక్రుడు, భూమి చెరో సన్న సగ్గుబియ్యం గింజ. కుజుడు ఆవగింజ, గురుడు చిన్న నిమ్మకాయ, శని ఉసిరికాయ. యురేనస్, నెప్ట్యూన్ కాబూలీ శనగలు. సామగ్రి అంతా మా వంటింటిదే. పోపులడబ్బా మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వని మా అత్తగారు గ్రహాలనగానే భక్తిగా ఇచ్చేసింది. ఇచ్చాక లెక్కపెట్టుకుంది.

"రాహుకేతువులేవమ్మా?"

"అవి గ్రహాలు కావు ఆంటీ. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఆకాశంలో ఒకదాన్నొకటి దాటే రెండు చోట్లు, అంతే. ప్లూటోని కూడా 2006లో గ్రహాల్లోంచి తీసేశారు."

"వీటినీ అప్పుడే తీసేశారా?" అంది అత్తగారు, ఎవరినడిగి తీసేశారన్నట్టు.

తియ్యగుమ్మడి ఆ సైజులో దొరక్క మిస్ బూడిద గుమ్మడికాయ తెచ్చింది. సూర్యుడు తెల్లగా ఉంటే ఎలా అని మా అమ్మాయి దానికి నిండా పసుపు రాసింది. సూర్యుడి మీద మచ్చలుంటాయి, చుట్టూ ఉన్న భాగం కన్నా అక్కడ వేడి తక్కువ కాబట్టి నల్లగా కనిపిస్తాయి అని మిస్ చెప్పడంతో కాటుక చుక్కలు కూడా పెట్టింది. ఊరికే ఉండలేక అత్తగారు పైన ఇంత కుంకుమ అద్దింది. అలా అలంకరించిన సూర్యుణ్ణి గేటు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఇక్కడికి వచ్చాక ఏం జరగబోతోందో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కానీ మిస్ ధ్యాసంతా దూరాల మీదే ఉంది.

బుధుడికి పన్నెండున్నర మీటర్లు, భూమికి 32. భూమి పట్టుకునే డ్యూటీ నాది. సగ్గుబియ్యం గింజని అట్టముక్కకి అతికించి, దానికి 8 సెంటీమీటర్ల దూరంలో ఒక రవ్వ గింజ అతికించారు. అది చంద్రుడు. మనుషులు ఇంతవరకు వెళ్ళిన దూరమంతా ఆ అట్టముక్క మీదే ఉంది. చంద్రయాన్-3 2023 జులై 14న బయల్దేరి ఆగస్టు 23న దిగింది, దాన్ని నడిపించిన ఇస్రో వాళ్ళ కేంద్రం ఇస్ట్రాక్ ఈ ఊళ్ళోనే పీణ్యాలో ఉంది, ఇన్ని వారాలూ అది దాటింది ఈ 8 సెంటీమీటర్లే. అక్కణ్ణుంచి వెనక్కి చూస్తే గేటు దగ్గర గుమ్మడికాయ, ఆకాశంలో సూర్యుడు ఎంత కనిపిస్తాడో సరిగ్గా అంతే కనిపించింది. నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. వెలుగు ఆ 32 మీటర్లు దాటడానికి కూడా ఎనిమిది నిమిషాల పైనే పడుతుందట. సిల్క్ బోర్డు జంక్షన్‌లో మా ఆఫీసు బస్సు లాగే.

గురుడు 168 మీటర్లు, అంటే వీధి మలుపులో వినాయకుడి గుడి. శని 308. బెంగళూరులో తిన్నగా సాగే వీధి ఎక్కడిది, శని వెళ్ళి ఇంకో క్రాస్‌లో తేలాడు. యురేనస్ 619. నెప్ట్యూన్ 969 మీటర్లు, మెయిన్ రోడ్డు మీద అయ్యంగార్ బేకరీ. ఆ పోస్టుకి మాత్రం పిల్లలు కొట్టుకున్నారు.

మొదటి విపత్తు చిన్నదే. బుధుణ్ణి అతికించడం మర్చిపోయారు, చీమ ఎత్తుకుపోయింది.

రెండోది గుడి దగ్గర. మా మూడో అంతస్తు నెల్లూరాయన కొత్త కారు కొని సరిగ్గా ఆవేళే పూజకి తెచ్చాడు. నాలుగు చక్రాలకి నిమ్మకాయలు మూడే ఉన్నాయి. పక్కన ఒక కుర్రాడు చేతిలో నిమ్మకాయ పట్టుకుని, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కదలకుండా నిలబడి ఉన్నాడు. పూజారి గారు "ఆ నింబెహణ్ణు కొడప్పా" అని చెయ్యి చాపారు. పెద్దవాళ్ళు అడిగితే ఇవ్వాలని పెంచిన పిల్లాడు, ఇచ్చేశాడు. 1,300 భూములు పట్టే గ్రహం ముందు ఎడమ టైరు కింద చితికింది.

కారు మా గేటు దగ్గరికి వచ్చేసరికి సూర్యుడి దగ్గర ఎవరూ లేరు. కాపలా పెట్టిన అమ్మాయి మంచినీళ్ళకి వెళ్ళింది. మిస్ శని దగ్గర ఉంది. నెల్లూరాయన దిగాడు. పసుపు, కుంకుమ, కాటుక, ఏ లోటూ లేదు. మహా సంతోషంగా వాచ్‌మన్‌ని పిలిచాడు. వాచ్‌మన్ దాని మీద కర్పూరం వెలిగించి, కారు చుట్టూ మూడుసార్లు తిప్పాడు. భూమి మీద నిలబడి నేను చేతులూపుతూ అరుస్తున్నాను. దీవిస్తున్నాననుకుని ఆయనా చెయ్యి ఊపాడు. సూర్యుడు నడిరోడ్డు మీద పగిలాడు.

మిస్ పరుగెత్తుకొచ్చింది. "ఇంకా 500 కోట్ల ఏళ్ళు ఉండాల్సినవాడండీ!"

"అయ్యో, మావాళ్ళే ముందుగా తెప్పించి పెట్టారనుకున్నా మేడమ్. అన్నీ పెట్టి ఉంటే..."

అందరికీ ఫోన్లు చేసి రమ్మన్నాం. నెప్ట్యూన్ మాత్రం ఎత్తలేదు. సూర్యుడి కబురు వెలుగు మోసుకెళ్ళినా అక్కడికి చేరడానికి నాలుగు గంటలు పడుతుంది కాబట్టి వాడు శాస్త్రప్రకారమే ఉన్నాడని మిస్ సమర్థించింది. వాడు ఖారా బన్ తింటున్నాడని శని వచ్చి చెప్పాడు.

నెల్లూరాయన పరువుగల మనిషి. అరగంటలో ఆటోలో ఇంకో గుమ్మడికాయ దింపించాడు, మొదటిదానికి ఒకటిన్నర రెట్లుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మిస్ టేపు పెట్టి కొలిచింది. 45 సెంటీమీటర్లు. ఫోన్‌లో ఏదో గుణించి, మొహం వేలాడేసింది. ఈ సూర్యుడికైతే గురుడికి పెద్ద నిమ్మకాయ కావాలి, నెప్ట్యూన్ దాదాపు కిలోమీటరున్నర అవతల ఉండాలి.

"అంటే రింగ్ రోడ్డు దాటాలా?" అంది నెప్ట్యూన్ వాళ్ళమ్మ. "మావాణ్ణి పంపను. కావాలంటే వాణ్ణి కూడా గ్రహాల్లోంచి తీసెయ్యండి."