‘ఐ7 లేని ఆఫీసు కంప్యూటర్ దండగ’ అన్న మాటలో నిజమెంత?

ఆఫీసు పనికి విడిభాగాలు ఎంచుకుని కంప్యూటర్ కూర్పించుకునేవారికి సలహాగా ఒక సందేశం కొంతకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ప్రాసెసర్ కనీసం ఐ7 ఉండాలి, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితేనే తెర స్పష్టంగా కనిపిస్తుంది, ఎస్‌ఎస్‌డీలు (చిప్‌లలో సమాచారం దాచే డిస్కులు) రాసేకొద్దీ అరిగిపోతాయి గనుక లెక్కల ఫైళ్లకు హార్డ్ డిస్కే నమ్మకం, ర్యామ్ ఎంత పెంచితే వేగం అంత పెరుగుతుంది, పవర్ సప్లై 750 వాట్లదైతే చాలు, ఎవరు తయారుచేసినా ఒకటే, మదర్‌బోర్డు అన్నిటికంటే చవకది తీసుకోవచ్చు. వీటిలో ఒక్కో మాట ఎక్కడో ఒకచోట, ఏదో ఒక పనికి చెల్లవచ్చు. వర్డ్, ఎక్సెల్, ఈమెయిల్, బ్రౌజర్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, వీడియో సమావేశాలతో గడిచే పనిదినానికి, అదీ ఆచితూచి ఖర్చు పెట్టేవారికి, చాలా భాగం చెల్లదు.

ముందు ప్రాసెసర్ సంగతి. ఐ7 అన్నది ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక శ్రేణి పేరు. ఏ తరానిదో చెప్పకుండా ఆ పేరుకు విలువ కట్టలేము. 2011 జనవరిలో వచ్చిన కోర్ ఐ7-2600కు 4 కోర్లు (విడివిడిగా పనిచేయగల లెక్కింపు భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు). 2022 జనవరిలో వచ్చిన కోర్ ఐ3-12100కూ సరిగ్గా అన్నే. పేరును బట్టి చూస్తే మొదటిదే పెద్దది. అయితే ఈ పదకొండేళ్లలో ఒక్కో కోర్ ఒక్కో క్లాక్ సైకిల్‌లో, అంటే ప్రాసెసర్ గడియారపు ఒక్కో టిక్కులో, చేయగల పని బాగా పెరిగినందువల్ల ఏ ఆఫీసు పనిలో చూసినా రెండోదే ముందుంటుంది. పైగా మొదటిది విండోస్ 11 అధికారికంగా అంగీకరించే ప్రాసెసర్ల జాబితాలోనే లేదు. వాడిన కంప్యూటర్లను ‘ఐ7’ అని పెద్ద అక్షరాలతో అమ్మజూపినప్పుడు ఆ తర్వాతి అంకెలు చదవకుండా బేరమాడడం ప్రమాదం.

ఒకే తరంలో పోల్చినా సందేశం చెప్పినంత తేడా ఆఫీసు పనిలో కనిపించదు. ఐ7-12700లో 12 కోర్లు, ఐ3-12100లో 4. అంటే కోర్లు మూడు రెట్లు. కానీ ఒకే కోర్ మీద నడిచే పనికి వాటి గరిష్ఠ వేగాలు 4.9, 4.3 గిగాహెర్ట్జ్. ఎక్సెల్ 2007 నుంచి ఫార్ములాల లెక్కింపును పలు కోర్లకు పంచగలుగుతోంది గాని, నెలాఖరున అందరినీ కూర్చోబెట్టే వీబీఏ మాక్రో (ఎక్సెల్‌లో పనులను వరుసగా చేయించే చిన్న ప్రోగ్రామ్) మాత్రం ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. మిగిలిన కోర్లు ఎన్నున్నా దానికి చేయి అందించవు. వీడియో ఎడిటింగ్ చేసేవారు, లక్షల వరుసల డేటాను రోజంతా మథించేవారు ఎక్కువ కోర్లకు ఖర్చు పెట్టడం సబబే. వారి అవసరాన్ని అందరికీ నియమంగా చెప్పడం సబబు కాదు.

గ్రాఫిక్స్ కార్డు వల్ల అక్షరాలు స్పష్టమవుతాయన్నది పూర్తిగా అపోహ. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో తెరకు వెళ్లేది డిజిటల్ సమాచారం. ఒకే రిజల్యూషన్‌లో ఒకే పత్రాన్ని చూపేటప్పుడు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ అయినా, విడి కార్డయినా పంపేది ఆ పిక్సెళ్లనే. అక్షరాలు మసకగా ఉంటే మొదట చూడవలసినది తెర సహజ రిజల్యూషన్‌కు (దానిలో నిజంగా ఉన్న పిక్సెళ్ల సంఖ్యకు) సెట్ అయి ఉందా అన్నది, రెండోది ఇంకా పాత అనలాగ్ వీజీఏ కేబుల్ వాడుతున్నామా అన్నది. కార్డు అక్కర్లేదన్నాను గనుక ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎమ్‌డీ కంపెనీ ఏఎమ్4 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు) రైజెన్ ప్రాసెసర్లలో ‘జీ’ అక్షరం ఉన్నవాటిలోనే ఉంటుంది: రైజెన్ 5 5600జీలో ఉంది, రైజెన్ 5 5600లో లేదు. ఒకసారి మిత్రుడికి కంప్యూటర్ కూర్చి ఇస్తూ, కొద్దిగా చవకగా దొరికిందన్న సంబరంలో ఈ అక్షరం నేనే చూసుకోలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కీబోర్డు దీపం వెలుగుతోంది, తెర మాత్రం ‘సిగ్నల్ లేదు’ అంటోంది. కేబుల్ మార్చి, ర్యామ్ తీసి మళ్లీ బిగించి, గంటసేపు తంటాలు పడ్డాక ప్రాసెసర్ అట్టపెట్టె మీద ‘12100ఎఫ్’ కనిపించింది.

ఇక అసలైన నష్టం చేసే సలహా హార్డ్ డిస్క్ గురించినది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు పూర్తి చేయడానికి సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు, చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం. హెడ్ సరైన ట్రాక్‌కు జరగడానికి ఇంకో 9 మిల్లీసెకన్లు వేసుకుంటే, చెల్లాచెదురుగా ఉన్న ఒక చిన్న ముక్కను చదవడానికి దాదాపు 13 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 75 ముక్కలు. విండోస్ తెరుచుకునేటప్పుడు, బ్రౌజర్ మొదలయ్యేటప్పుడు ఇలాంటి చిన్న చదువులు వేల సంఖ్యలో జరుగుతాయి. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల ముక్కలు చదివేస్తుంది. ఉదయం మీట నొక్కి టీ తాగివచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉందంటే, చాలాసార్లు ప్రాసెసర్ చేతులు కట్టుకుని డిస్క్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. అక్కడ ఐ7 ఉంటే అది కూడా అలాగే ఎదురుచూస్తుంది.

అరుగుదల మాట అబద్ధం కాదు, పరిమాణమే తప్పు. ఉదాహరణకు శామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి తయారీదారు ఇచ్చే హామీ అయిదేళ్లు లేదా 300 టెరాబైట్ల రాత, ఏది ముందైతే అది. రోజుకు 20 జీబీ రాసినా, ఆఫీసు పనికి అది ఉదారమైన లెక్కే, ఏడాదికి 7.3 టెరాబైట్లు, ఆ పరిమితి చేరడానికి నలభై ఏళ్లు పడుతుంది. అంతకుముందే అది వేరే కారణాలతో చెడిపోవచ్చు, అదీ ఏ చప్పుడూ చేయకుండా ఒక్కసారిగా. లెక్కల ఫైళ్లకు నమ్మకం కావాలంటే మరోచోట బ్యాకప్ ఉండాలి. ఆ బ్యాకప్‌కు హార్డ్ డిస్క్ భేషుగ్గా పనికొస్తుంది. ఇక సెకనుకు 7,000 మెగాబైట్లని రాసి ఉన్న ఖరీదైన ఎన్‌వీఎంఈ (వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీకీ, అందులో సగం వేగమున్న మామూలుదానికీ తేడా వర్డ్ పత్రం తెరిచేవారికి తెలియదు.

ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత భాగాన్ని డిస్క్ మీదికి నెడుతుంది, అప్పుడు కంప్యూటర్ ఈడుస్తుంది. చాలినంత ఉన్నాక పైన ఎంత చేర్చినా అది ఖాళీగా కూర్చుంటుంది. నా లెక్కలో ఇవాళ ఆఫీసుకు 16 జీబీ సరైన మాట, 8 జీబీ ఇరుకు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి, పని ముమ్మరంగా ఉన్న వేళ ఎంత వాడుతోందో చూస్తే ఎవరి లెక్క వారికే తేలుతుంది. 16 జీబీని ఒకే కడ్డీగా కాక రెండు 8 జీబీ కడ్డీలుగా పెడితే రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది. డీడీఆర్4-3200 రకం ర్యామ్‌లో సెకనుకు 25.6 గిగాబైట్ల దారి 51.2 అవుతుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఆ మేలు దానికీ అందుతుంది.

పవర్ సప్లై మీద రాసిన వాట్లు చూసి మురిసిపోయే ముందు పక్కనున్న చీటీ చదవాలి. కంప్యూటర్‌లో ప్రాసెసర్‌తో సహా బరువైన పనంతా 12 వోల్టుల తీగల మీదే నడుస్తుంది. పెట్టె మీద 450 వాట్లని పెద్దగా రాసి, చీటీలో 12 వోల్టుల కింద 16 ఆంపియర్లని ఉంటే, 12ను 16తో గుణిస్తే వచ్చేది 192 వాట్లే. ఇక 750 వాట్ల విషయం: విడి కార్డు లేని ఆఫీసు కంప్యూటర్ పత్రం తెరిచి ఉన్నప్పుడు సాధారణంగా 50 వాట్లలోపే తీసుకుంటుంది. 80 ప్లస్ బ్రాంజ్ అన్నది పవర్ సప్లై కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే గుర్తింపు; దానికోసం ఆ సామర్థ్యాన్ని కొలిచేది 20, 50, 100 శాతం భారాల దగ్గర. 750లో 20 శాతమే 150 వాట్లు గనుక, మన కంప్యూటర్ రోజంతా ఆ కొలతల పరిధికి బయటే నడుస్తుంది. నాణ్యమైన 400 వాట్లది ఈ పనికి ధారాళంగా సరిపోతుంది.

బోర్డు విషయంలో సందేశం సగం సరైనదే, ఖరీదైనది అక్కర్లేదు. అయితే 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్ డీడీఆర్4, డీడీఆర్5 రెండింటినీ అంగీకరించినా, బోర్డు సాధారణంగా ఒక్కదాన్నే తీసుకుంటుంది. గాడి వేరేచోట ఉంటుంది గనుక ఒకదాని కడ్డీ మరోదానిలో పట్టదు. 4కే తెర పెట్టాలనుకునేవారు బోర్డు హెచ్‌డీఎంఐ 1.4 దగ్గరే ఆగిందేమో చూడాలి. ఆగితే సెకనుకు 30 ఫ్రేములే వచ్చి మౌస్ బాణం వెనకబడి కదులుతుంది.

ఇంత చెప్పిన సందేశంలో మానిటర్ ఊసే లేకపోవడం విచిత్రం, కళ్లు రోజంతా చూసేది దాన్నే కదా. 1920×1080 పిక్సెళ్ల 24 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలుంటాయి. అదే రిజల్యూషన్‌తో 27 అంగుళాలది తీసుకుంటే 82కు పడిపోయి, అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టబోయిన డబ్బుతో ఎత్తు సర్దుకునే స్టాండున్న 24 అంగుళాల ఐపీఎస్ తెర (పక్కనుంచి చూసినా రంగులు అంతగా మారని రకం) తీసుకుంటే, సందేశం కార్డు నుంచి ఆశించిన స్పష్టత నిజంగా దొరికేది అక్కడే.