ఎప్పుడూ పైకే వెళ్ళే గీత గారికి

గీత గారికి నమస్కారాలు.

పేరు చూసి ఎవరో మహిళకు రాసిన ఉత్తరం అనుకుని ఆశగా చదవబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఈ గీత గారు మనిషి కాదు. వైద్య సమాచారాన్ని కంప్యూటర్లతో వాడుకునే శాస్త్రం మెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌లో ‘పరిశోధన ధోరణులు’ అంటూ వచ్చే ప్రతి పేపర్లోనూ ఫిగర్ 1గా కొలువుండే గీత. కింద సంవత్సరాలు, పక్కన పేపర్ల సంఖ్య. ఎడమ మూల నేలను కరుచుకుని బయలుదేరి, కుడి మూలకు చేరేసరికి ఆకాశానికి నిచ్చెన వేసే గీత. నా నుదుటి గీత ఎలా ఉందో నాకు తెలీదు గానీ, నా ప్రమోషన్ మాత్రం మీ చేతిలో ఉంది. అందుకే ఈ ‘గారు’.

మిమ్మల్ని గీయడం తేలికని బయటివాళ్ళు అనుకుంటారు. నా కష్టం మీరైనా వినండి. పరిశోధన పేపర్ల జాబితా వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఒక మాట కొట్టి వెతికితే వేలకొద్దీ రికార్డులు వచ్చాయి. సైటేషన్లతో (ఏ పేపరు ఏయే పేపర్లను పేర్కొందో ఆ జాబితాతో) సహా పూర్తి వివరాలు కావాలంటే అది ఒక్కో దఫాకు 500కు మించి ఇవ్వదు. 1 నుంచి 500. 501 నుంచి 1000. రాత్రి పదకొండు దాటాక, 3501 నుంచి 4000 వరకు దించానా లేదా అన్నది గుర్తురాక మళ్ళీ మొదటికొచ్చాను. ఇదే మా ‘మెథడ్స్’ విభాగం. పేపర్లో మాత్రం ‘సమగ్ర అన్వేషణ వ్యూహం’ అని రాశాం.

ఆ తర్వాత అవన్నీ తీసుకెళ్ళి వాస్‌వ్యూయర్‌లో పోశాను. లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పుణ్యానికి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్. కీవర్డ్‌లను రంగురంగుల బుడగలుగా చేసి, వాటి మధ్య దారాలు కడుతుంది. చూశాను కదా, ‘ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డ్’ ఒక బుడగ. దానికే బహువచనం చేరిస్తే ఇంకో బుడగ. దాని పొట్టిపేరు ‘ఈహెచ్ఆర్’ మూడోది, ‘ఎలక్ట్రానిక్ మెడికల్ రికార్డ్’ పొట్టిపేరు ‘ఈఎంఆర్’ నాలుగోది. నాలుగింటి మధ్యా ఇంతింత లావు దారాలు. ఈ మాటలన్నీ ఒకటేనని చెప్పే చిన్న ఫైలు తయారుచేసి ఇస్తే అది వాటిని కలిపేస్తుంది, కానీ నేను ఆ పని మొదలుపెట్టేలోపే మా రెండో రచయిత ‘ఈ భావనల మధ్య బలమైన సంబంధం వెల్లడైంది’ అని డిస్కషన్‌లో రాసేశాడు. తనతో తనకు సంబంధం బలంగా ఉండక ఏమవుతుంది? నేను నోరు మూసుకున్నాను. బొమ్మ చూడ్డానికి బాగుంది మరి.

ఇక మీ కింద ఏళ్ళ తరబడి మేం రాస్తున్న వాక్యం ఒకటుంది: ‘ఈ రంగంపై ఆసక్తి గణనీయంగా పెరుగుతోంది.’ ఎవరి ఆసక్తి అని ఎవరూ అడగరు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే వైద్య పేపర్ల జాబితా పబ్‌మెడ్‌లో ఏటా పది లక్షలకు పైగా కొత్త రికార్డులు చేరుతున్నాయి. వైద్యంలో ఏ మాట పట్టుకుని వెతికినా గీత పైకే లేస్తుంది. శాస్త్ర సాహిత్యం పది పదిహేనేళ్ళకోసారి రెట్టింపవుతోందని సైన్స్ చరిత్రకారుడు డెరెక్ డి సొల్లా ప్రైస్ 1960ల్లోనే లెక్కగట్టి చెప్పాడు. ఏరు పొంగితే చెప్పు కూడా ఎత్తున తేలుతుంది, దాన్ని చెప్పు ఎదుగుదల అనం. మొత్తం పేపర్లతో భాగిస్తే మీ ఎత్తు ఎంత మిగులుతుందో ఒకసారి వేసి చూశాను. ఆ బొమ్మ ఏ ఫోల్డర్లో పెట్టానో ఇప్పుడు కనబడటం లేదు.

మీ పుట్టినరోజు సంగతీ మాట్లాడుకోవాలి. ‘మెథడ్స్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ ఇన్ మెడిసిన్’ జర్నల్ 1962 నుంచీ వస్తోంది. ఈ రంగం వాళ్ళ అంతర్జాతీయ సభ మెడిన్ఫో మొదటిసారి 1974లో స్టాక్‌హోమ్‌లో జరిగింది. కానీ పేపర్లకు విషయం పేర్లు తగిలించడానికి పబ్‌మెడ్ వాడే మెష్ పదకోశంలో ‘మెడికల్ ఇన్ఫర్మాటిక్స్’ అన్న మాట 1987లో చేరింది. ఆ మాటతోనే వెతికితే మీరు అంతకుముందు నేల మీదే పడుకుని, అక్కడ దిగ్గున లేచి కూర్చుంటారు. ‘1987లో ఈ రంగం విప్లవాత్మక మలుపు తిరిగింది’ అని రాయబోయి చివరి నిమిషంలో చెరిపేశాను. తిరిగింది రంగం కాదు, ఎవరో గ్రంథాలయ ఉద్యోగి పదకోశంలో ఒక పేజీ.

ఆ మాటకొస్తే పేరు మార్చినప్పుడల్లా మీకు కొత్త జన్మ. ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ అన్నాం, డేటా మైనింగ్ అన్నాం, బిగ్ డేటా అన్నాం, డీప్ లెర్నింగ్ అన్నాం, ఇప్పుడు లార్జ్ లాంగ్వేజ్ మోడల్స్ అంటున్నాం. మరోపక్క ఈ-హెల్త్, ఎం-హెల్త్, డిజిటల్ హెల్త్. ప్రతి పేరుకీ మీరు సున్నా నుంచి బయలుదేరతారు, ప్రతిసారీ ‘ఇప్పుడిప్పుడే చిగురిస్తున్న రంగం’ అంటాం. మాకు జుట్టు నెరిసింది, మీకు ఇంకా చిగుళ్ళే.

మీ మెట్లలో ఏముందో ఎప్పుడైనా కిందికి చూశారా? స్టాన్‌ఫర్డ్‌లో ఇన్ఫెక్షన్లకు మందు సలహా చెప్పే మైసిన్ అనే ప్రోగ్రాం ఉండేది. 1979లో మెనింజైటిస్ కేసులిచ్చి పరీక్షిస్తే దాని సలహాలకు 65 శాతం ఆమోదం దక్కింది, పోటీపడిన ప్రొఫెసర్లలో ఎవరూ 62.5 దాటలేదు. అయినా దాన్ని ఏ ఆసుపత్రిలోనూ రోగుల వైద్యానికి వాడలేదు. మీకు మాత్రం ఒక మెట్టు దొరికింది. దాన్ని పొగిడిన పేపర్లు, తప్పుపట్టినవి, మళ్ళీ సమీక్షించినవి కలిపితే ఇంకెన్నో మెట్లు.

కోవిడ్ కాలం మీ స్వర్ణయుగం. ఛాతీ ఎక్స్‌రే, సీటీ చూసి జబ్బును పసిగట్టే మోడళ్ళంటూ వచ్చిన పేపర్లను కేంబ్రిడ్జ్ బృందం ఒకటి కూర్చుని జల్లెడ పట్టింది. 2,212 దొరికాయి. వడకడితే 415. నాణ్యత చూస్తే 62. రోగికి పనికొచ్చే స్థితిలో ఉన్నవి ఎన్నని 2021లో తేల్చారంటే, ఒక్కటీ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం, ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు. వాటిలో కొన్ని పేపర్లు కోవిడ్ లేని ఎక్స్‌రేలుగా ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలవి వాడాయి. కోవిడ్ ఉన్నవేమో పెద్దవాళ్ళవి. ఆ మోడల్ నేర్చుకున్నదల్లా పిల్లలెవరో పెద్దలెవరో చెప్పడం. దానికి ఎక్స్‌రే ఎందుకు, గుమ్మం దగ్గర నిలబడితే చాలదూ?

నవ్వుతున్నాను గానీ నా బతుకూ అంతే. మా మోడల్‌ను ఒకసారి ఒక వార్డులో చూపించాను. ఏయూసీ (మోడల్ ఎంత బాగా తేడా పట్టగలదో చెప్పే అంకె, 1 అయితే పరిపూర్ణం) 0.94 అన్నాను, కొంచెం గొంతు పెంచే అన్నాను. డ్యూటీలో ఉన్న పెద్దావిడ, సీనియర్ నర్సు, డ్రిప్ సరిచేస్తూనే విని, ‘సర్, ఇది ల్యాబ్ రిపోర్టు రాకముందు చెబుతుందా, వచ్చాకా?’ అని అడిగారు. వచ్చాకే అన్నాను. ‘వచ్చాక నేనూ చెబుతాను కదండీ’ అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ మాట మా ‘పరిమితులు’ పేరాలో లేదు. పేపర్ అచ్చయింది. మీకు ఇంకొకటి కలిసింది.

మీకు దిగడం రాదు, అదీ నా బాధ. మాటలు మార్చి నకలు కొట్టే సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని బ్రెస్ట్ క్యాన్సర్‌ను ‘ఎద గండం’ అనీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ను ‘కల్తీ స్పృహ’ అనీ చదువుకోవాల్సిన ఇంగ్లీషుతో పేపర్లు వచ్చాయి. ఫ్రాన్స్ కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబనాక్, ఆయన సహచరులు 2021లో ఆ గుట్టు బయటపెట్టారు. 2023లో జర్నళ్ళు అచ్చువేసే హిందావి సంస్థ 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకుంది. ‘జర్నల్ ఆఫ్ హెల్త్‌కేర్ ఇంజినీరింగ్’తో కలిపి నాలుగు జర్నళ్ళను మూసేస్తున్నట్టు దాని యజమాని వైలీ అదే ఏడాది ప్రకటించింది. వాటిని నేను దించుకున్న 500ల మూటల్లోంచి ఏరేశానా? లేదు. వెనక్కి తీసుకున్న పేపరుకూ ప్రచురణ సంవత్సరం ఉంటుంది, ఆ గడి నిండి ఉంటే మీకు చాలు. పైగా ఇప్పుడు ఏఐ వచ్చి రాసే శ్రమ కూడా తగ్గింది. ‘డెల్వ్’ లాంటి, ఏఐకి అలవాటైన ఇంగ్లీషు మాటలు ఉన్నట్టుండి ఎంత పెరిగాయో ఒకటిన్నర కోట్ల పేపర్ల సారాంశాల్లో లెక్కవేసి, 2024లో వచ్చిన బయోమెడికల్ సారాంశాల్లో కనీసం 13.5 శాతం యంత్రం చెయ్యి పడినవేనని తేల్చారు. ఆ లెక్క చెప్పిందీ ఒక పేపరే. అదీ మీ ఖాతాలోదే.

మొత్తం మీలో నాకు ముచ్చటేసే చోటు ఒకటే, చివరి చుక్క. ఏడాది పూర్తికాకుండానే మేం డేటా దించుతాం కనుక అక్కడ మీరు దబ్బున కింద పడతారు. అన్నేళ్ళూ ఎక్కి ఎక్కి అలిసిపోయి మీరే కూలబడ్డట్టుంటుంది. వెంటనే మేం కింద సన్నని అక్షరాల్లో ‘ఈ ఏడాది లెక్క అసంపూర్ణం’ అని రాసి, మిమ్మల్ని రెక్క పట్టుకుని లేపుతాం.

ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా ఆ చుక్కే. రివ్యూయర్ల అభిప్రాయాలు నిన్న వచ్చాయి. మొదటాయన డేటాను ఈ నెల వరకూ పొడిగించమన్నారు. రెండో ఆయన ఐదు పేపర్లను సైట్ చేస్తే మా వాదన బలపడుతుందన్నారు. ఐదింటిలోనూ ఒకే పేరు తగిలింది, రెండో రచయిత దాన్ని చూసి ‘పెట్టేద్దాం’ అన్నాడు. గడువు శుక్రవారం. ఇప్పుడు 2001 నుంచి 2500 వరకు దిగుతోంది.

ఇట్లు,
మిమ్మల్ని గీసినవాడు
(మూడో రచయిత)