సవరణ: మైపాడు ఆకాశంలో దొంగ నారింజ

మొన్న పాత కంప్యూటర్ రంగులతో గీసిన మైపాడు బీచ్ సూర్యోదయం బొమ్మ పెట్టి, ఐబీఎం 1984లో తెచ్చిన ఈజీఏ అనే గ్రాఫిక్స్ కార్డులో 64 రంగుల్లోంచి నచ్చిన 16 ఏరుకోవచ్చని రాశాను. అది సగమే నిజం. ఆ వీలు 640×350 పిక్సెళ్ల (చుక్కల) మోడ్‌లోనే. పాత అడ్వెంచర్ గేమ్‌లు ఎక్కువగా నడిచిన 320×200లో అంతకు ముందరి కార్డు సీజీఏ నాటి 16 రంగులే దిక్కు. పాత మానిటర్లలోనూ బొమ్మ కనపడాలి కదా!

నా బొమ్మా 320×200దే, ఆ 16లో నారింజ లేదు. అంటే నా ఆకాశంలోని నారింజ దొంగ సరుకే. తీసేసి, లేత ఎరుపు, పసుపు పిక్సెళ్లను చదరంగం గళ్లలా ఒకటి విడిచి ఒకటి పెట్టాను. దూరం నుంచి చూస్తే నారింజే, దగ్గరికెళ్తే దద్దుర్లు. తడి ఇసుకకు గోధుమ రంగు ఎలాగూ ఉంది. ముదురు పసుపు రావాల్సిన చోట సీజీఏ మానిటరే ఆకుపచ్చను తగ్గించి ఈ గోధుమను పుట్టించేది. పడవ నీడ జోలికి పోలేదు, నలుపే. సరిచేసిన బొమ్మను పాతదాని స్థానంలో పెట్టాను.