అవ్వకింకా వయసు రాలేదు

మనిషి మోకాళ్లు సరిగ్గా అరవై అయిదో పుట్టినరోజునే అరుగుతాయని మన ఆంధ్ర ప్రభుత్వం కనిపెట్టింది. ఎముకల డాక్టర్లకి ఇన్నేళ్లూ అందని సంగతి ఇది. 2025 జూన్ 1 నుంచి రేషన్ బండ్లు ఆపేసి మళ్లీ షాపులకే రమ్మన్నారు కదా, అప్పుడు ముసలోళ్లు నడవలేరని దయతలచి, 65 దాటినవాళ్లకీ దివ్యాంగులకీ మాత్రం బియ్యం ఇంటికే తెచ్చిస్తామన్నారు. మంచిమాటే. (ఆ బండ్లు మాత్రం గడప దాకా వచ్చాయా అని అడక్కండి. 2021లో 9,260 బండ్లకి జెండా ఊపినప్పుడు ఇంటింటికీ అన్నారు గానీ, మా టంగుటూరు వైపు వీధి మొగదల్లో ఆపి హారన్ కొట్టేవాళ్లు, జనం సంచులు పట్టుకుని పరిగెత్తేవాళ్లు. అదీ డోర్ డెలివరీ.)

ఇప్పుడు మా వీధి అవ్వ సంగతి. ఒంటరి మనిషి, అంత్యోదయ కార్డు, నెలకి 35 కిలోలు. షాపుకెళ్లి, "నడవలేకపోతుండా నాయనా, ఆ బియ్యమేదో ఇంటికి పంపిస్తే పుణ్యముంటది" అని అడిగితే, డీలరు మిషన్‌లోకి తొంగిచూసి, "నీకింకా అరవై నాలుగే అవ్వా, రూల్ ఒప్పుకోదు" అన్నాడు. పక్కనున్నోళ్లు నవ్వారు. అవ్వ కూడా నవ్వింది, తనేదో కుర్రదాన్నన్నారని.

ఆ అరవై నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. ఆధార్ తీసేటప్పుడు ఆపరేటరు వయసెంత అని అడిగాడు. "జిల్లా వచ్చిన ఏడు కాపురానికొచ్చా" అంది అవ్వ. బంగారం లాంటి ఆధారం అది. ఒంగోలు జిల్లా, అంటే ఇప్పటి ప్రకాశం, ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో. తెలివున్నవాడైతే అక్కడే లెక్క కట్టేవాడు. వాడు అవ్వ ముఖం చూసి, క్యూ చూసి, 1-1-1962 అని కొట్టి పడేశాడు. ఆ లెక్కన అవ్వ ఎనిమిదేళ్లకి కాపురానికొచ్చి, పదకొండేళ్లకి పెద్దకొడుకుని కన్నది. బాల్యవివాహం కేసు ఎవరి మీద పెట్టాలో నాకు తెలియడం లేదు.

జనవరి ఒకటి అవ్వ ఒక్కదానిదే కాదు. తేదీ తెలియదు, ఏడు మాత్రం సుమారుగా ఇంతని చెప్పినవాళ్లందర్నీ ఆధార్ ఆ రోజే పుట్టించింది. మా వీధిలో సగం ముసలోళ్లు ఆ రోజు పుట్టినవాళ్లే. అంచేత 2027 జనవరి 1 కోసం నేను ఆత్రంగా చూస్తున్నాను. ముందురోజు సాయంత్రం దాకా ఈ 1962 బ్యాచ్ అంతా ఇనుపగుండ్లలాగా తిరుగుతుంటారు, బియ్యం మూటలు ఎత్తి ఒకళ్లకొకళ్లు విసురుకుంటుంటారు. రాత్రి పన్నెండు కొడుతుంది. కుర్రాళ్లు బైకుల మీద హ్యాపీ న్యూ ఇయర్ అని అరుస్తుంటే, ఇక్కడ వరసగా ఒక్కో ఇంట్లో మోకాళ్లు టప్పుటప్పుమని జారిపోతాయి. నడుములు వంగిపోతాయి. ఎదురింటి తాత ముగ్గు చూద్దామని లేచినవాడు లేచినట్టే కూలబడతాడు. అవతలింటి అవ్వ కళ్లలో శుక్లాలు సరిగ్గా పన్నెండూ ఒకటికి దిగుతాయి. వీఆర్వో టార్చిలైటేసుకుని వచ్చి అందర్నీ చూసి, "ఆ, ఇప్పుడు అర్హులయ్యారు" అని టిక్కు పెట్టుకుని పోతాడు. 1963 బ్యాచ్ అరుగుల మీద కూర్చుని ఇదంతా చూస్తుంటారు, వాళ్లకింకో ఏడాది యవ్వనం మిగిలుంది కాబట్టి.

అన్నట్టు ఆ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ ఇచ్చే సంస్థే 2023 డిసెంబర్‌లో చెప్పింది. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో ఆధార్ తేదీని పక్కన పెట్టి స్కూలు సర్టిఫికెట్‌నే లెక్కలోకి తీసుకుంది. ఢిల్లీలో పనికిరానిది టంగుటూరులో వేదం. పోనీ మార్పించుకుందామంటే బర్త్ సర్టిఫికెట్ లాంటి కాగితమేదో కావాలట. అవ్వ పుట్టినప్పుడు ఉన్న మంత్రసాని పోయి ఎన్నాళ్లయిందో!

అసలు విచిత్రం ఇది కాదు. ఒకటో తారీఖు తెల్లారేసరికి సచివాలయం వాళ్లు ఇదే అవ్వ తలుపు కొట్టి, వృద్ధాప్య పింఛను నాలుగు వేలు చేతిలో పెట్టి పోతారు. పింఛనుకి అరవై చాలు. వయోవృద్ధుల చట్టం 2007లో అరవై నిండితే సీనియర్ సిటిజన్ అనే రాసింది. అంటే అదే ప్రభుత్వం, అదే అవ్వ, అదే గడప. డబ్బుల దగ్గర ముసలిది, బియ్యం దగ్గర పడుచుది. ఆ ఇంటికి దారి తెలియక కాదు, నెలనెలా పొద్దున్నే వెళ్తున్నారు! నాలుగు వేలు ఇచ్చిన చేత్తో ఇంకో మూట దించడానికి ఏ రూల్ అడ్డమొచ్చింది, ఆ అరవై అయిదు ఎవడు రాశాడు, వాడు ఎప్పుడైనా 35 కిలోలు నెత్తిన పెట్టుకుని ఒక్క ఫర్లాంగు నడిచాడా? నలభై ఏళ్లు పొగాకు గ్రేడింగ్ చేసి, ఆకు జిగురుకి వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయిన మనిషి. ఆ వేలు మిషన్ మీద పడకపోతే కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్లీ నొక్కి, "పడలేదు, రేపు రా అవ్వా" అనిపించుకుని తిరిగొస్తుంది. ముసలితనానికి ఆ వేలు కన్నా రుజువు ఏం కావాలయ్యా మీకు? సిగ్గుండాలి.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రాత్రి పదకొండుకి బిర్యానీ తెప్పించుకునేవాణ్ణి నీ వయసెంత, నీ మోకాళ్లెలా ఉన్నాయని ఎవరూ అడగరు. అడిగితే యాప్‌కి ఒక్క స్టార్ ఇస్తాడు. అదే మనిషి పొద్దున్నే పేపర్ మడిచి, బియ్యం ఇంటికి తెచ్చిస్తే జనం సోమరిపోతులైపోతారని బాధపడతాడు.

అవ్వకి మాత్రం డెలివరీ జరుగుతోంది లెండి. రేషన్ బియ్యం కొనేవాడు ఒకడు మోపెడ్ మీద షాపు దగ్గరే కాసుక్కూర్చుంటాడు. ఆధార్ అడగడు, వేలిముద్ర అడగడు. సగం మూట కిలో పది పన్నెండు రూపాయల లెక్కన తను తీసుకుని, మిగతా సగం మోపెడ్ ముందు పెట్టుకుని అవ్వ ఇంట్లో దించి, చెంబుడు మంచినీళ్లు తాగి పోతాడు. పోయిన నెల రేషన్ బియ్యం కొన్నాడని వాడి మీద నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు పెట్టి మోపెడ్ పట్టుకుపోయారు. ఈ నెల బియ్యం ఎవరు తెస్తారని అవ్వ అడుగుతోంది, నన్ను.